సుద్ద నియమం

గనిలోంచి నలభై ఆరుగురిని ప్రాణాలతో బయటికి తెచ్చినందుకు స్వరూపకు చార్జిషీటు ఇచ్చారు. అందులో "ప్రాణాలతో" అన్న మాట మాత్రం లేదు. "ప్రమాదమేమీ లేకపోయినా కార్మికులను భయపెట్టి మొదటి షిఫ్టు పనిని నిలిపివేసినందుకు" అని ఉంది. సంజాయిషీకి వారం గడువు, ఆ పైన విచారణ. ఆరోపణ రుజువైతే ఆమె సర్దార్ సర్టిఫికెట్ రద్దవుతుంది.

తుమ్మెదవాగు మూడో గనిలో సర్దార్ అంటే అందరికన్నా ముందు ఫేసుకు, అంటే బొగ్గు తవ్వే చోటుకు, దిగి, పైకప్పు తట్టి చూసి, గ్యాసు ఎంతుందో చూసి, "ఇగ రాండ్రి" అని చెప్పే మనిషి. "ఇగ పోండ్రి" అని చెప్పే హక్కూ ఆ మనిషిదే. తండ్రి ఓదేలు ఊపిరితిత్తులు చెడిపోయి పనికి పనికిరాడని డాక్టర్లు తేల్చినప్పుడు ఆ ఇంటి ఉద్యోగం పెద్దకూతురు స్వరూపకు వచ్చింది. ఆడపిల్ల బాయిలో, అంటే గనిలో, దిగడమేమిటని నవ్విన నోళ్ళే, ఆమె పరీక్ష పాసై సర్దార్ అయ్యాక "స్వరూపక్క షిఫ్టయితే నిమ్మలం" అనడం మొదలుపెట్టాయి. నోళ్ళకేం, ఎటైనా తిరుగుతాయి.

ఆ ఆదివారం హైదరాబాదు నుంచి వచ్చిన చెల్లెలు రజిత, క్వార్టర్ ముందుగదిలో నిలబడే ఆ కాగితం చదివింది. స్వరూప వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. సస్పెన్షన్‌లో ఉన్న మనిషికి పగలంతా ఇంట్లో ఏం చేయాలో తోచదు. అప్పటికే రెండు రోజుల కూర తరిగిపెట్టింది.

"పొద్దుగాల పది నలభైకి మూడో లెవల్ ఫేసుల గ్యాసు ఒకటీ పాయింట్ ఏడు చూపెట్టింది," అంది స్వరూప తలెత్తకుండా. "ఒకటింబావు దాటితె మనుషులను తియ్యాలె. తీసిన. గంతే."

రజిత కాగితం మడిచి పక్కన పెట్టింది. అక్కను ఇరికించిన యంత్రం తను పనిచేసే ల్యాబులోనే పుట్టింది.

బొగ్గు దుమ్ము అంటుకుని మండకుండా గని గోడల మీద తెల్లటి రాతిపొడి చల్లడం పాత పద్ధతి. రజిత ల్యాబు ఆ పొడిలో కంటికి ఆనని రేణువులు కలిపింది. ఒక్కో రేణువు తన చుట్టూ ఉన్న గ్యాసునూ వేడినీ బరువునూ పసిగట్టి పక్క రేణువుకు చెబుతుంది. ఆ కబుర్లన్నీ పైకి చేరి కంప్యూటర్లో మరో గని తయారవుతుంది. దాన్ని నీడగని అంటారు, అది రాసుకునే చిట్టాను లాగ్ అంటారు. అసలు గని తుమ్మితే నీడగని తుమ్ముతుంది. ఒక మూల గ్యాసు పెరిగితే గాలి లెక్క, ఫ్యాన్ వేగం, మనుషులు బయటపడే దారి, అన్నీ ఎవరూ చెప్పకుండానే వాటంతటవే మారిపోతాయి. ఇది వచ్చాక సర్దార్ల చేతుల్లోని పాత గ్యాసు మీటర్లు వెనక్కి తీసుకుని, నీడగనిని చూపించే చేతిపలకలు ఇచ్చారు. ఒకటో తారీఖు నుంచి ఇంకో పదకొండు గనులకు నీడలు తొడగబోతున్నారు.

"అక్కా, నేను లాగ్ చూసే వచ్చిన," అంది రజిత మెల్లగా. "ఆ పూట పేజీల సున్నా పాయింట్ మూడే ఉంది. లాగ్ అబద్ధం చెప్పది."

స్వరూప చేతిలోని చిక్కుడుకాయ చాటలో పడేసింది. "అంటె నేను చెప్తున్న."

"నేనట్ల అనలే."

"ఇగెట్లంటరు చెల్లె? ఇద్దరిట్ల ఒకలం చెప్తున్నం. నీ లాగ్ చెప్పదంటివి. మిగిలింది నేనే గదా."

మంచం మీద దిండు ఎత్తుగా పెట్టుకుని ఒరిగిన ఓదేలు గట్టిగా దగ్గి, దగ్గు తగ్గేదాకా ఆగి అడిగాడు. "సుద్దతోని రాసినవా బిడ్డా?"

"రాసిన బాపు."

అది ఓదేలు కాలపు ఆచారం. సర్దార్ గ్యాసు చూసిన వెంటనే, ఆ చోటనే, అక్కడ తగిలించిన రాతిపలక మీద సుద్దతో తేదీ, టైము, శాతం, కింద తన పేరులో మొదటి అక్షరాలు రాయాలి. చూసింది ఇంకా కళ్ళలో ఉండగానే చేతిలోకి రావాలని ఓదేలు కూతురికి నేర్పాడు. నీడగని వచ్చాక పలకలు పీకేశారు. పలక లేకపోతే స్వరూప పైకప్పుకు దన్నుగా నిలిపిన ఇనుప ఆసరా మీద రాసేది. విచారణ ఫైలులో దాని ఫోటో కూడా ఉంది. "సుద్దముక్క ఎవరి చేతిలో ఉంటే వారిది, ఎప్పుడైనా రాసుకోవచ్చు" అని దాని కింద ఎవరో తెలివిగలాయన వ్యాఖ్య రాశాడు.

"నేను రాసింది ఆ నిమిషంల రాసిన," అంది స్వరూప. "గ్యాసు తగ్గినంక పోయి తుడిచి తక్కువ రాసిన్నా? లేదు. అది గట్లనే ఉన్నది, పోయి చూసుకొమ్మను. మరి నీ లాగ్ల ఒకటీ పాయింట్ ఏడు ఏడవాయె? నన్నడుగుతవేంది. నువ్వు గదా చెప్పాలె."

తిరుగు బస్సులో రజిత నాలుగు గంటలు కిటికీకి తల ఆనించి కూర్చుంది. అక్క బాయిలో దిగబట్టే తను ఇంజినీరింగ్ చదివింది. ఆ చదువుతో కట్టిన యంత్రాన్ని అడ్డం పెట్టుకుని అక్క మొహం మీదే అంతమాట అనేసింది. సిగ్గేసింది. అయినా అక్క పొరబడి ఉంటుందనే అనుకుంటూ హైదరాబాదులో దిగింది.

సోమవారం ల్యాబులో ఆ పేజీ మళ్ళీ తెరిచింది. నీడగని ప్రతి నిమిషాన్నీ దాచదు. సర్దార్ చేతిపలక మీద మీట నొక్కి మనుషుల్ని బయటికి పంపిన క్షణాన్ని మాత్రం ఒక పేజీగా లాగ్‌లో పెడుతుంది. పదకొండో తారీఖు, పది నలభై, మూడో లెవల్ ఫేసు, గ్యాసు 0.3. ఎన్నిసార్లు చూసినా అంతే. భోజనానికి వెళ్ళి, గోంగూర పప్పు సగం వదిలేసి వచ్చి, మూయడం మరిచిపోయిన ఆ పేజీని ఇంకోసారి తెరిచింది.

0.4 అని ఉంది.

ముందు తన కళ్ళను అనుమానించింది. మూసి తెరిచింది. 0.4. పక్క తెర మీద ఇప్పటి గని నడుస్తోంది. అక్కడ మూడో లెవల్‌లో ఇప్పుడే బొగ్గు పేల్చారు, గ్యాసు కాస్త పెరిగి 0.4కి చేరింది. అరగంట ఆగి రెండు తెరలూ చూసింది. ఇప్పటి గనిలో 0.3కి దిగింది. గడిచిపోయిన పదకొండో తారీఖు పేజీలో కూడా 0.3కి దిగింది.

రజిత కుర్చీలోంచి లేచి నిలబడి మళ్ళీ కూర్చుంది. జరిగింది చాలా చిన్న పొరపాటు. లాగ్‌కి ఇవ్వాల్సింది ఆ క్షణంలో ఉన్న అంకె. ఇచ్చిందేమో బతికున్న ఫేసునే. ఫోటో తీసి పుస్తకంలో అంటించమంటే అద్దం అంటించినట్టయింది. ఎప్పుడు తెరిచినా అందులో కనిపించేది ఇవాళ్టి మొహమే. పరీక్షలన్నీ దీన్ని దాటుకుని ఎలా వచ్చాయో కూడా అర్థమైంది. పరీక్షించేవాళ్ళు మీట నొక్కగానే పేజీ తెరిచి చూస్తారు. అద్దమైనా ఫోటో అయినా అప్పుడు ఒకేలా ఉంటుంది.

ఆ ఒకటీ పాయింట్ ఏడు మరి ఎక్కడా లేదు. ఎవరూ చెరపలేదు, దాచలేదు. అసలు రాయనే లేదు.

కోడులో ఆ తప్పున్న గీతను, అంటే ఆ వరుసను, ఎవరు రాశారో చూడటానికి ఒక్క మీట చాలు. పక్కన తేదీతో సహా పేరు వస్తుంది. మూడేళ్ళ కిందట, పెద్దలకు నీడగనిని మొదటిసారి చూపించడానికి ముందు గురువారం. పేరు గజ్జెల రజిత.

మెట్ల దగ్గరికి పోయి అక్కకు ఫోన్ చేసింది. "అక్కా, నువ్వు చెప్పింది నిజం. లాగ్ తప్పు. ఆ గీత రాసింది నేనే."

అవతల కుక్కర్ విజిల్ వినిపించింది. తర్వాత స్వరూప అంది, "నాకు చెప్తె ఏమొస్తదే. నాకు ముందుగాలనే ఎరుక. ఆ కుర్సీలల్ల కూసున్నోళ్ళకు చెప్పు."

ఒక్క గీత సరిచేయడం నిమిషం పని. కానీ అదే తప్పు ఇంకెన్ని చోట్ల ఉందో ఎవరికి తెలుసు? లక్షల గీతల్లో కళ్ళతో వెతకడం కుదిరే పని కాదు. దీనికి లింట్ ఉంది. రాసిన కోడు నడవకముందే దాన్ని చదివి, ఇదిగో ఇక్కడ రాయి ఉందని వేలు పెట్టి చూపించే కాపలా అది. బియ్యంలో రాయిని చాటలోనే ఏరాలి గానీ పంటి కింద పడ్డాక ఏం లాభం. కాకపోతే ఆ కాపలాకు ఏది రాయో, ఏది బియ్యమో ముందు ఎవరైనా నేర్పాలి.

రజిత నేర్పింది. పక్క బల్ల ఇంతియాజ్ తోడు కూర్చున్నాడు. బతికున్న విలువను, అంటే తనంతట తాను మారేదాన్ని, లాగ్‌కి నేరుగా ఇవ్వకూడదు; ఆ క్షణానికి అచ్చు తీసి ఆ అచ్చునే ఇవ్వాలి. అలా చేయని ప్రతి గీతనూ ఎర్రగా చూపించి పని అక్కడే ఆపేయాలి. మొదటిసారి నడిపితే మామూలు అంకెల మీద కూడా ఎర్రగా అరిచింది. అది సరిచేసి మళ్ళీ నడిపారు.

"పేరేం పెడదాం?" అన్నాడు ఇంతియాజ్.

"సుద్ద నియమం."

"ఎందుకు?"

"సుద్దతోని రాసింది తెల్లారి మారది."

మూడోసారికి లెక్క తేలింది. రెండు వందల పద్నాలుగు ఎర్ర గీతలు. ఒక్క రజిత రాసినవే కాదు, అందరివీ ఉన్నాయి. ఒకరు రాసింది చూసి ఇంకొకరు రాశారు. పైకప్పు బరువు చెప్పే చోట, ఫ్యాన్ వేగం చెప్పే చోట, ఫేసులో ఎంతమంది ఉన్నారో చెప్పే చోట, అన్నిచోట్లా అద్దాలే. ఇంతియాజ్ ఆ చివరి గీతను రెండుసార్లు చదివాడు.

"అంటే పైకప్పు కూలిన పొద్దు లోపల ఎందరున్నారని తర్వాత అడిగితే?"

"ఎవరూ లేరంటది," అంది రజిత. "అప్పటికి ఉండరు గదా."

మంగళవారం మధ్యాహ్నానికి కబురు చక్రపాణికి చేరింది. ఆయన ల్యాబు పెద్ద. మంచివాడే, అరిచే మనిషి కాదు. తనే కుర్చీ లాక్కుని రజిత పక్కన కూర్చున్నాడు.

"చూడమ్మా, చాలా మంచి పని చేశావు. నియమం ఉంచుదాం. కానీ ఎర్రగా ఎందుకు? పసుపు చెయ్. హెచ్చరిక లాగా ఉంటుంది, పని ఆగదు. ఒకటో తారీఖు అయ్యాక తీరిగ్గా సరిచేసుకుందాం."

"సార్, మనకిప్పటికే పన్నెండు వేల పసుపు గీతలున్నాయి. గడపకు రాసిన పసుపు లాగే. అందరూ దాటుకుని పోతారు, ఎవరూ ఆగరు."

"రెండు వందల పద్నాలుగు ఎర్ర గీతలతో పదకొండు గనుల పని ఆగిపోతుందమ్మా."

"ఆగాలనే సార్ రాసింది."

చక్రపాణి గొంతు తగ్గించాడు. "మీ అక్కగారి సంగతి తెలుసు. బాధే. ఆ ఒక్క గీత నిదానంగా సరిచేసేయ్. ఆవిడకు పైన ఆఫీసులో ఏదో ఒక పని ఇచ్చేలా నేను మాట్లాడతాను. ఈ వయసులో బాయిలో దిగే బాధ కూడా తప్పుతుంది."

రజితకు ఒళ్ళు మండింది. "మా అక్కకు పని ఉంది సార్. మీరు అది తీసేస్తున్నారు. నేను రంగు మార్చను."

ఆయన కోపగించుకోలేదు. మర్నాడు పొద్దున రజిత వచ్చేసరికి ఎర్ర గీతలన్నీ మాయమయ్యాయి. సరిచేసి కాదు. రెండు వందల పద్నాలుగు చోట్లా పైన ఒక వాక్యం చేర్చారు: "ఇక్కడ సుద్ద నియమం చూడనక్కర్లేదు." కాపలావాడి కళ్ళకు గంతలు కట్టడానికి లింట్‌లో అలాంటి వెసులుబాటు ఉంటుంది. అవసరానికి పెట్టుకున్నది అది. ఇంతియాజ్ తన బల్ల దగ్గర తల దించుకుని ఉన్నాడు.

"నాతో చేయించారు, రజితా," అన్నాడు. "ఇద్దరు పిల్లలు నాకు."

రజిత ఆ వాక్యాలను చెరపలేదు. చెరిపితే సాయంత్రానికి మళ్ళీ వస్తాయి. అన్నింటినీ ముద్రించి, సంచిలో పెట్టుకుని, సెలవు చీటీ రాసి చక్రపాణి బల్ల మీద పెట్టింది. కారణం దగ్గర "అక్క విచారణలో సాక్ష్యం" అని రాసింది.

విచారణ పిట్ ఆఫీసులో, మధ్యాహ్నం రెండింటికి. విచారణాధికారి సదానందం వేరే గని నుంచి వచ్చాడు. ముప్పై ఏళ్ళు లోపల నడిచిన మనిషి, మోకాళ్ళు పోయాక విచారణలకు మారాడు. గని తరఫున చక్రపాణి పెద్ద తెర పెట్టించి లాగ్ పేజీ చూపించడానికి సిద్ధంగా ఉన్నాడు. రజితను చూసి పక్కకు పిలిచాడు.

"నీ పేరు మీద తప్పు ఒప్పుకుంటే రేపటి నుంచి నిన్ను ఏ ల్యాబూ గుమ్మం తొక్కనివ్వదు. ఆలోచించుకో తల్లీ."

"ఆలోచించుకునే వచ్చిన సార్," అంది రజిత. సొంత ఊళ్ళో నిలబడేసరికి ఆయనతో కూడా ఇంటిభాషే వచ్చేసింది.

ముందు స్వరూప చెప్పింది. నాలుగు వాక్యాల్లో ముగించింది. సదానందం ఆమెను రెండు ప్రశ్నలు అడిగి, రజితను లేవమన్నాడు. రజిత గోడ గడియారం చూసింది. రెండూ ఇరవై. ఆమె నీడగని ఎలా పుట్టిందో మొదలుపెట్టింది. రాతిపొడి గురించి చెప్పింది. రేణువుల గురించి చెప్పింది. పరీక్షలెన్ని చేశారో చెప్పింది. చక్రపాణి రెండుసార్లు గడియారం చూసుకుని, "ఇదంతా ఎందుకండీ" అన్నాడు. సదానందం చెయ్యెత్తి, "చెప్పనియ్యుండ్రి" అన్నాడు. చెల్లెలికి ఇంత వాగుడు ఎక్కడిదని స్వరూప కూడా వింతగా చూసింది.

మూడింటికి సైరన్ మోగింది. మొదటి షిఫ్టు వాళ్ళు పైకి వచ్చే వేళ. రెండో షిఫ్టు ఇంకా హాజరు వేసే మస్టర్ దగ్గర టోపీ లైట్లు తీసుకుంటూ ఉంటుంది. రజిత ఇంకో పది నిమిషాలు మాట్లాడి, అక్కడికక్కడే ఆపేసింది.

"సార్, ఇప్పుడు చక్రపాణిగారిని ఆ పదకొండో తారీఖు పేజీ తెరవమనండ్రి. మీరే పైకి చదవండ్రి."

తెర మీద పేజీ వచ్చింది. సదానందం కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "పదకొండో తారీఖు. పది నలభై. మూడో లెవల్ ఫేసు. గ్యాసు సున్నా పాయింట్ రెండు."

"చార్జిషీటుల ఎంతుంది సార్?"

ఆయన కాగితం తీశాడు. "సున్నా పాయింట్ మూడు." తెర చూశాడు, కాగితం చూశాడు. "ఏందిది?"

"ఆ పేజీలనే కింద ఇంకో లెక్కున్నది సార్. ఫేసుల ఉన్న మనుషులు."

సదానందం చదవబోయి ఆగిపోయాడు. గదిలో ఉన్నవాళ్ళందరూ తెర వైపు తిరిగారు. ఆయన నిదానంగా అన్నాడు. "సున్నా."

"చార్జిషీటుల?"

"నలభై ఆరు మంది." ఆయన చక్రపాణి వైపు తిరిగాడు. "ఏమయ్యా, మీ లాగ్ ప్రకారం ఆ టైముకు ఫేసుల ఒక్క మనిషి లేడు. లేని మనుషులను ఈ పిల్ల ఎట్ల భయపెట్టింది? ఎట్ల బయటికి తెచ్చింది?"

చక్రపాణి గొంతు సవరించుకున్నాడు. "చిన్న సాంకేతిక లోపమండీ. సరిచేస్తున్నాం."

"సరిచేస్తలేరు సార్," అంది రజిత. సంచిలోంచి కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. "రెండు వందల పద్నాలుగు చోట్ల ఉన్నదీ లోపం. పట్టుకునే నియమం రాసినం. పట్టుకుంది. దాని నోరు మూయించిన్రు. ఏ చోట మూయించిన్రో అన్నీ ఇందుల ఉన్నయి. ఆ పేజీ అప్పటిది కాదు సార్, ఇప్పటిది. ఎప్పుడు తెరిస్తే అప్పటిది. ఇంకో అరగంటకు తెరిస్తే రెండో షిఫ్టు మనుషులు కనవడ్తరు."

"ఆ మొదటి గీత రాసిందెవరు?"

"నేను."

సదానందం కలం ఆపి ఆమెను చూశాడు. "మీ అక్క అని తెలిసే రాసిస్తున్నవా ఈ మాట?"

"మా అక్క అని కాదు సార్. నా తప్పు అని."

"మంచిది. మరి ఆ పూట గ్యాసు ఒకటీ పాయింట్ ఏడు ఉన్నదనేదానికి రుజువేంది?"

రజితకు ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. "లేదు సార్. నా తప్పు మింగేసింది. ఇగ దొరకది. అక్క మాట, ఆ ఆసరా మీది రాత, గవే మిగిలినయి. నేను చెప్పగలిగింది ఒక్కటే, మీరు ఆమె మీద పెట్టిన సాక్ష్యం సాక్ష్యం కాదు."

స్వరూప అప్పటిదాకా ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల చూస్తూ ఉంది. ఇప్పుడు తలెత్తి చెల్లెలిని చూసింది. ఆ చూపులో జాలి లేదు, కోపమూ లేదు. సరిగ్గా నిలబడ్డావా లేదా అని షిఫ్టు మనిషిని చూసే చూపు అది.

"ఇగ నువ్వేమన్న కోరుకుంటున్నవా?" అన్నాడు సదానందం, రాస్తూనే.

"కోరుకుంటున్న సార్. ఆ నియమం ఎర్రగనే ఉండాలె. ఎక్కడన్న దాని నోరు మూయాలంటే మా ల్యాబోళ్ళ ఇష్టం కావొద్దు. ఈ గని సర్దార్ ఒకరు సంతకం పెట్టాలె. లోపలికి దిగేటోళ్ళు వాళ్ళు గదా."

చక్రపాణి నవ్వబోయాడు. సదానందం నవ్వకపోవడం చూసి మానేశాడు.

రజితకు మర్నాడే ఉత్తరం వచ్చింది. "మీ సేవలు ఇక అవసరం లేదు" అన్న వాక్యంలో కృతజ్ఞతలు కూడా చెప్పారు. అది పెద్దగా బాధించలేదు. వారం తర్వాత స్వరూపకు వచ్చిన కాగితమే బాధించింది. "తగిన ఆధారాలు లేనందున ఆరోపణ ఉపసంహరించడమైనది." ఆమె చెప్పింది నిజమని ఎక్కడా లేదు. ఓదేలు దాన్ని రెండుసార్లు చదివించుకుని, "దొంగవు గావని అనలే బిడ్డా, దొరకలేదన్నరు" అని గోడ వైపు తిరిగాడు. స్వరూప కాగితాన్ని మడిచి బీరువాలో పడేసి, బూట్లకు పట్టిన బూజు దులుపుకుని డ్యూటీకి పోయింది. రజిత మాత్రం ఆ వాక్యాన్ని మనసులోంచి తీసేయలేకపోయింది. ఆ ఒక్క అంకె ఉంటే అక్క తల ఇంకా ఎత్తుగా ఉండేది. దాన్ని పోగొట్టింది తనే.

సంతకం సంగతి మాత్రం నిలబడింది. సదానందం నివేదిక పైకి పోయి, గనుల భద్రత చూసే వాళ్ళ ముద్రతో ఉత్తర్వుగా దిగింది. ల్యాబులో నోళ్ళు కుట్టిన వాక్యాలన్నీ ఊడాయి. పని ఆగింది. రెండు వందల అయిదు గీతలు ఇంతియాజూ మిగిలినవాళ్ళూ కూర్చుని సరిచేశారట. తొమ్మిది మిగిలాయి.

నెలాఖరు రోజు మధ్యాహ్నం చక్రపాణి కారు క్వార్టర్ ముందు ఆగింది. అప్పటికే ఆయన నలుగురు సర్దార్ల ఇళ్ళు తిరిగాడు. నలుగురూ చాయ్ ఇచ్చి, సంతకం మాత్రం స్వరూపక్కను అడగమన్నారు. రెండో షిఫ్టు కాబట్టి స్వరూప ఇంట్లోనే ఉంది. టిఫిన్ డబ్బాలో పులిహోర కూరుతోంది.

"తొమ్మిదే తొమ్మిది అమ్మా," అన్నాడు చక్రపాణి కాగితం చాపి. "రేపే పదకొండు గనులకు వెళ్ళాలి. నెలరోజులు మినహాయింపు ఇస్తే చాలు. తర్వాత సరిచేస్తాం. నా మాట."

స్వరూప చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, కాగితం తీసుకుంది. రజిత గుమ్మం దగ్గర నిలబడింది.

"ఈ మొదటిది దేని సంగతి?"

"ఫ్యాన్ వేగం. చిన్నదే."

"ఇది?"

"పైకప్పు బరువు."

"ఇది?"

చక్రపాణి కాస్త తడబడ్డాడు. "లోపలున్న మనుషుల లెక్క."

స్వరూప కాగితం ఆయనకు తిరిగి ఇచ్చేసింది.

"సార్, ఆ పొద్దు నేను చూసిన అంకె ఇయ్యాల ఎక్కడ లేదు. నేను సచ్చేదాక చెప్పినా రుజువు లేదు. మా చెల్లె నౌకరి పోగొట్టుకున్నా రుజువు లేదు. రేపు ఆ పదకొండు బాయిలల్ల నాలెక్క సర్దార్లుంటరు. వాళ్ళు కూడ గిట్లనే అబద్ధాలకోర్లు గావాల్నా? ఒక్క పూట గాదు, ఒక్క నిమిషం గూడ నేను సంతకం పెట్ట."

"గడువు రేపే కదమ్మా."

"రేపటిదాక టైమున్నది గదా." ఆమె డబ్బా మూత నొక్కి సంచిలో పెట్టుకుంది. "సంతకాల కోసం పొద్దటి సంది తిరుగుతున్నరు. గా తిరిగే టైముల సగం సరిజేద్దురు. రజితా, సార్‌కు కుర్సీ ఎయ్యి. చాయ్ పొయ్యి. కంప్యూటర్ బ్యాగు భుజానికే ఉన్నది, ఇక్కడ్నే కూసుంటడు."

చక్రపాణి వాకిలి వైపు చూశాడు, రజిత వైపు చూశాడు. కారు డ్రైవరు చెట్టు కింద సీటు వాల్చుకుని పడుకున్నాడు. కొంతసేపటికి ఆయన భుజం మీది బ్యాగు దించి, జిప్పు తీసి, బల్ల మీద కంప్యూటర్ తెరిచాడు. తొమ్మిది ఎర్ర గీతలు వరుసగా కనిపించాయి. రజిత ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"దేనితో మొదలుపెడదాం?" అన్నాడు ఆయన, ఎవరినీ చూడకుండా.

స్వరూప గడపలో వంగి బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది.

"ముందుగాల మనుషుల లెక్క సరిజెయ్యుండ్రి," అని చెప్పి, షిఫ్టుకు పోయింది.